అన్నగారి పెట్టె

ఆ ఇంటి మేడమీది గదికి మంచి పేరు లేదు.

పెద్దాయన పోయినప్పటి నుంచీ, చీకటి పడితే అక్కడ ఎవరో మూలుగుతారని చెప్పుకునేవారు. ఆయన తమ్ముడు తెచ్చి అద్దెకు పెట్టిన మనిషి మర్నాడే మంచం దించుకుని పోయాడట. రంగులు వేయడానికొచ్చినవాడు బ్రష్షు కూడా వదిలేసి పోయాడట...

తమ్ముడు, అంటే ఆ ఇంటావిడకి మరిది, ఇదంతా విని నవ్వాడు. ఆ గదిని తన ఆఫీసు చేసుకుని, కింద తన కాపురం పెట్టి, వదినని వంటింటి పక్క కొట్లోకి సర్దుదామని ఆయన ఆలోచన.

"ఒక్క మనిషికి ఇంత ఇల్లెందుకు వదినా, భయం కూడానూ" అన్నాడు. ఎంత దయో.

"ఒక రాత్రి ఆ గదిలో పడుకుని చూడండి మరిదిగారూ. తెల్లారాక సామాను తెప్పించుకుందురుగాని" అంది వదిన.

గదిలో మిగిలిందల్లా అన్నగారు సొంతంగా చేసుకున్న ఆంప్లిఫయర్. రేకు పెట్టె, దానిమీద ఎర్రగా వెలిగే గాజు వాల్వులు, పక్కన రికార్డు ప్లేయరూ, బీరువా అంత స్పీకరూ. ఆయన తన సాయంత్రాలన్నీ దానికే ధారపోశాడు — పాట వినడానికి కాదు, అది కూయకుండా చూడడానికి. ఓ తీగ ఇటు జరిపితే గుర్రుమనేది, అటు జరిపితే కీచుమనేది. టార్చి పట్టుకు నిలబడే ఉద్యోగం ఆవిడది. పెట్టె కూస్తే తిట్లు ఆవిడకి, పాడితే మెప్పు ఆయనకి.

ఆ రాత్రి వదిన పైకెళ్లి పక్క పరిచి వచ్చి, హాల్లో ఉతికిన బట్టలు మడతపెట్టసాగింది. మరిది ఎదురుగా కూర్చుని ఏ గోడ కొట్టించాలో వివరిస్తున్నాడు.

అప్పుడు... పైన ఎవరో మూలిగారు.

మొదట సన్నగా. తర్వాత గోడలు అదిరేలా.

మరిది వదిన చేతుల వంక చూశాడు. దుప్పటి మడతలో ఉన్నాయి. ఇంట్లో మూడో మనిషి లేడు.

"ఎవరది?" అని గొణిగాడు.

"మీ అన్నయ్య కాబోలు. గోడ కొట్టించే సంగతి చెవిన పడ్డట్టుంది" అంది వదిన, దుప్పటి రెండో కొస అందుకుంటూ.

మగవాడాయె, మెట్లెక్కక తప్పలేదు.

గదంతా చీకటి. ఆ చీకట్లో ఎర్రగా రెండు కళ్లు — 'వాల్వులే, వాల్వులే' అనుకున్నాడు. చదువుకున్నవాడు కదా. కట్టేద్దామని చెయ్యి చాచాడు.

చెయ్యి దగ్గరయ్యేకొద్దీ మూలుగు పెరిగింది. వెనక్కి తీస్తే — తగ్గింది. మళ్లీ చాచాడు. కీచుమని లేచింది.

కళ్లు మూసుకుని స్విచ్చి నొక్కేశాడు.

ఆగలేదు.

కరెంటు తీసేశాక కూడా ఏడ్చింది... నెమ్మదిగా, సన్నగిల్లుతూ, ప్రాణం పోయే మనిషిలా —

మరిదిగారు మెట్లు దిగారో దొర్లారో ఆయనకే తెలియాలి. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

"ఇల్లు మీరే ఉంచుకోండి వదినా" అన్నాడు గేటు అవతల నుంచి. "అన్నయ్యకి ఇష్టం లేనట్టుంది."

వదిన గడియ పెట్టుకుని పైకెళ్లింది.

పెట్టె వెనక, స్పీకరుకి పోయే తీగ మొదటి వాల్వు తీగ మీదికి ఒరిగి ఉంది. మధ్యాహ్నం తనే ఒరిగించింది, అద్దెకొచ్చినవాడికీ రంగులవాడికీ చేసినట్టే. అలా ఒరిగితే పెట్టె తన గొంతు తనే విని కూస్తుందనీ, చెయ్యి దగ్గర పెడితే గొంతు మారుస్తుందనీ, కట్టేసినా కడుపులో దాచుకున్న కరెంటు అరిగేదాకా ఏడుస్తుందనీ టార్చి పట్టుకుని ఎన్ని సాయంత్రాలు వినలేదు! అన్నిటికన్నా ముఖ్యం — వాల్వులు వేడెక్కితేగాని నోరు విప్పవు. స్విచ్చి వేసి, మెట్లు దిగి, దుప్పటి చేతిలోకి తీసుకునేంత వ్యవధి ఇస్తాయి.

ఎండు పుల్లతో తీగని దూరం జరిపి, పాట పెట్టుకుంది. ఒక్క గరగర లేదు.

తమ్ముడి ఎదుట పెళ్లాం తరఫున ఒక్క మాట అనడానికి ఆ మహానుభావుడికి బతికినన్నాళ్లూ నోరు పెగల్లేదు. పోయాకైనా ఆయన చేత అనిపించింది ఆవిడ.