నమూనా నడక

"ఇంకొక్కసారి నడవండి, సూరప్పడు గారూ. రాణి సభలోకి వస్తున్నట్టు కాదు. మామూలు ఇల్లాలు నీళ్ళబిందె ఎత్తుకుని ఇంటికొస్తున్నట్టు," అంది డాక్టర్ హైమవతి అద్దం గోడ అవతల నుంచి.

సూరప్పడు పంచె సర్దుకున్నాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు పద్యనాటకాల్లో ఆడవేషం కట్టాడు. ఇప్పుడు సాగరపురం మెట్రో వాళ్ళ ల్యాబ్‌లో, తెల్లటి పలకల మీద, ఒంటికి ఇరవై సెన్సర్లు అంటించుకుని నిలబడ్డాడు. బిందె అన్న మాట చెవిన పడగానే నడుము దానంతట అదే ఒక పక్కకి ఒరిగింది. అడుగు కుదించుకుంది. చూపు నేలకి దిగింది. ఆ నడకే ఆమె పదిసార్లు నడిపించింది.

"పదిసార్లు నడిచారు. పదిసార్లూ ఒకటే నడక, వెంట్రుకవాసి తేడా లేదు!" హైమవతి మొహం వెలిగిపోయింది.

"ఆడోళ్ళ నడక కావాలంటే ఆడోళ్ళనే అడగొచ్చు గదమ్మా? నాను మగోణ్ణి."

"అడిగాం. నాలుగు వందల పన్నెండు మంది నడిచారు. చేపల గంప మోసే ఆవిడది ఒక నడక, నర్సుది ఇంకొకటి. ఒక మనిషే పొద్దున ఒకలా నడుస్తుంది, సాయంత్రం ఒకలా నడుస్తుంది. మెషిన్ దేన్ని పట్టుకోవాలి చెప్పండి? మా కమిటీ చైర్మన్ గారు చిన్నప్పుడు మీ నాటకం చూశారట. అచ్చమైన ఆడనడక అంటే సూరప్పడిదే అన్నారు."

"కమిటీలో ఆడోళ్ళెవరూ లేరా?"

"నేనున్నాను."

"మరి మీరేటన్నారు?"

హైమవతి తెర వైపు తిరిగింది. "గడువు దగ్గర పడిందన్నాను," అంది.

ఇంతకీ ఈ మెషిన్ చేసే పనేమిటి? మెట్రో రైల్లో ఆడవాళ్ళ పెట్టెల్లోకీ, ఆడపిల్లల హాస్టళ్ళలోకీ మగవాళ్ళు దొంగ కార్డులతో జొరబడుతున్నారని ఊళ్ళో గొడవైంది. కార్డు మార్చవచ్చు, గొంతు మార్చవచ్చు, నడక మార్చడం కష్టమని శాస్త్రవేత్తలు తేల్చారు. అందుకని నడక గేటు పుట్టింది. దాని కింద నేల బరువును కొలుస్తుంది, పైన కెమెరా భుజాన్నీ నడుమునీ చూస్తుంది, రెండూ కలిపి నూటికి మార్కులు వేస్తుంది. అరవై వస్తే పచ్చ దీపం, తగ్గితే ఎర్ర దీపం. చిన్నప్పుడు మనం చూచిరాత రాశాం కదా, పై వరసలో గుండ్రటి అక్షరాలుంటాయి, కింద మనం దిద్దుతాం. ఎవరి రాత బాగుందో చెప్పాలంటే ముందు ఆ పై వరస ఒకటి ఉండాలి. సాగరపురం ఆడవాళ్ళందరికీ పై వరస సూరప్పడు.

ఆ నడక అతనికి తల్లి దగ్గర రాలేదు. అతని తల్లి వరిమళ్ళలో బారలు బారలుగా అంగలు వేసేది. నేర్పింది గురువు. మోకాళ్ళ మధ్య తమలపాకు పెట్టి, జారకుండా నడవమనేవాడు. జారితే చింతబరికె. ఆ గురువుకి ఆయన గురువు అలాగే నేర్పాడు. ఆ నాటక సమాజంలో నాలుగు తరాలుగా ఒక్క ఆడమనిషి కాలు పెట్టలేదు. ఆడది ఇలా నడిస్తే బాగుంటుందని మగవాళ్ళు అనుకున్న నడక అది.

ఇంటికొస్తే తండ్రి ఊరుకునేవాడు కాదు. "ఆ ఆడంగి నడక గుమ్మం బయటే ఇడిసిరా" అని వీపు మీద చరిచి, ఛాతీ విరుచుకుని నడవడం నేర్పాడు. రాజు వేషం కట్టే కనకారావు పక్కన నడుస్తున్నప్పుడు మాత్రం సూరప్పడి కాళ్ళకి ఏ నడకా గుర్తుండేది కాదు. ఆ మాట అతను కనకారావుకి చెప్పలేదు. ఇద్దరికీ ఒకే వేసవిలో పెళ్ళిళ్ళు చేశారు.

గేట్లు వచ్చిన మూడో వారంలో మనవరాలు పైడితల్లి ఇంటికొచ్చింది. కబడ్డీ కోటాలో డిగ్రీ సీటు తెచ్చుకుని కాలేజీ హాస్టల్లో ఉంటున్న పిల్ల. ఆమె చేతిలో నోటీసు ఉంది.

"ఆ గేటుకి నాను ఆడపిల్లలా అవుపడ్డం లేదంట తాతా. నలభై ఒకటి ఏసింది. వాచ్‌మన్ ఏటన్నాడో తెల్సా? బాబూ, అబ్బాయిల హాస్టలు ఎనక వీధి అన్నాడు!"

సూరప్పడు నవ్వబోయి ఆగిపోయాడు. "కార్డు సూపించకపోయావా?"

"సూపించాను. కార్డుకన్నా గేటే నిజమంట. రెండు మాట్లు ఎర్రదీపం ఎలిగిపోయింది. సోమారం మూడోది కూడా ఎలిగితే సీటు తీసేస్తారు. సీటు పోతే కాలేజీ లేదు, సెలక్షన్లూ లేవు."

మర్నాడే సూరప్పడు ల్యాబ్‌కి పోయి మనవరాలి నోటీసు హైమవతి ముందు పెట్టాడు. "అమ్మా, ఆ నడక నాటకం. నిజం కాదు. మీకు తెల్దా?"

హైమవతి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "తెలుసు. ఆ గేటు నాకు యాభై రెండు వేసింది. ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నాను. ఊరంతా పెట్టేశాక తప్పు చేశామని ఎవరు చెప్తారు తాతగారూ? మీ మనవరాలి అదృష్టం, నేర్పేవారు ఇంట్లోనే ఉన్నారు."

సూరప్పడు ఇంటికి వస్తూ దారిలో తమలపాకులు కొన్నాడు.

పెరట్లో పాఠం మొదలైంది. "మోకాళ్ళ మధ్య ఆకు జారకూడదు. అంగ తగ్గించు. చెయ్యి ఊపకు. ఎవరైనా ఎదరొస్తే నువ్వే తప్పుకోవాల."

"నానెందుకు తప్పుకోవాల?"

"గేటుకి కారణాలు అక్కర్లేదే తల్లీ."

పైడి ఎన్నిసార్లు నడిచినా నాలుగో అడుగులో ఆకు జారిపోయేది. కూతకు వెళ్ళినట్టు ఆమె కాలు ముందుకి దూకేది. బరికె మాత్రం పట్టనని సూరప్పడు ఒట్టు పెట్టుకున్నాడు. మూడో రోజు విసుగెత్తి, చేతిలో ఉన్న విసనకర్రతో పిక్క మీద ఒకటి అంటించాడు. పైడి అరవలేదు. తాత మొహంలోకి ఒకసారి చూసి, ఒంగి ఆకు తీసుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ సాయంత్రం పెరడు ఈ చివర నుంచి ఆ చివరకి ఆకు జారలేదు.

సోమవారం గేటు ఎనభై ఎనిమిది వేసింది. వార్డెన్ చప్పట్లు కొట్టింది. హాస్టల్లో తక్కిన పిల్లలు పైడి చుట్టూ మూగారు. ఆదివారానికి సూరప్పడి పెరట్లో ఇరవై మంది ఆడపిల్లలు, ఇద్దరు లెక్చరర్లు, ఒక లేడీ కానిస్టేబులు వరసలో నిలబడ్డారు. తమలపాకుల బండివాడు వీధి మొగలోనే మకాం పెట్టాడు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఇంకొకరికి నేర్పారు, తల్లులు పిల్లలకి మూడో ఏటి నుంచే మొదలుపెట్టారు.

పైడి సీటు నిలిచింది. కబడ్డీ నిలవలేదు. కూతకు వెళ్తే అడుగు గీత దగ్గరే కుదించుకుపోయేది. రెండో నెలలో కోచ్ ఆమెను ఆటలోకి దింపకుండా బల్ల మీద కూర్చోబెట్టాడు, ఏడాది తిరిగేసరికి జట్టులోంచి పేరు తీసేశాడు.

ఆ సంవత్సరాంతంలో హైమవతి స్వీట్ల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చింది. వాకిట్లోంచి వస్తుంటే సూరప్పడు ఆమె పాదాలు చూశాడు. చిన్న అడుగులు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"శుభవార్త తాతగారూ! గేట్లు తీసేస్తున్నారు."

"తప్పని ఒప్పుకున్నారా?"

"అబ్బే. వాటి అవసరం తీరిపోయింది. సాగరపురం ఆడవాళ్ళ సగటు ఇప్పుడు తొంభై ఒకటి. లక్షన్నర మందిని కొలిచాం. మొదట్లో వచ్చిన తక్కువ మార్కులు మెషిన్ లోపమని రాశాం. ఈ నడక స్త్రీకి పుట్టుకతో వచ్చేదేనని తేలిపోయింది. పాఠ్యపుస్తకంలో కూడా వేస్తున్నారు."

"నాకు దెబ్బలతో వచ్చింది గదమ్మా?"

"మీ పేరు ఎక్కడా లేదు లెండి. నమూనా స్త్రీ అని మాత్రమే ఉంది," అని ఆమె స్వీటు ముక్క అందించింది.

ఆమె వెళ్ళాక పైడి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు తొణకలేదు.

"గేట్లు తీసేస్తన్నారంట," అన్నాడు సూరప్పడు. "ఇక నీకా అవస్థ లేదు. మామూలుగా నడువు తల్లీ."

పైడి కాలు చాపి అంగ వేయబోయింది. మధ్యలోనే కాలు వెనక్కి వచ్చేసింది. మళ్ళీ ప్రయత్నించి, తడబడి, గోడ పట్టుకుంది.

"మామూలుగా అంటే ఎలాగ తాతా? ఓపాలి నువ్వు నడిసి సూపించు."

సూరప్పడు లేచి పెరట్లోకి వచ్చాడు. ఏ కాలు ముందు ఎలా వెయ్యాలో తెలియక, అక్కడే నిలబడిపోయాడు.