పెరట్లో అయిదు నీలిపిట్టలు

"ఏయ్! ఆ గూట్లో చెయ్యి పెట్టకండి!"

కంచె అవతలి నుంచి కేక వినిపించినా రోవెనా కంగారుపడలేదు. కెంటకీలోని ఆ పల్లెలో పొద్దున ఉత్తరాలు పంచడం ఆమె ఉద్యోగం. పెరట్లో నీలిపిట్టలకు చెక్కపెట్టె కట్టి కనిపెట్టుకోవడం ఏడేళ్ల అలవాటు. తీరిగ్గా పెట్టె తలుపు మూసి వెనక్కి తిరిగింది. వారం కిందట పక్కింట్లో అద్దెకు దిగిన కోల్బీ మొహం జేవురించి నిలబడ్డాడు.

"మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుంది. ఆ మాత్రం తెలీదా?"

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మమ్మ."

"పిట్టలు వాసన పట్టించుకోవని ఆవిడకు చెప్పండి. నేను చూడకపోతే లోపల పాము దూరినా తెలీదు."

అతని గొంతు తగ్గింది. "ఇంతకీ లోపల ఏమున్నాయి?"

"అయిదు పిల్లలు. నిన్ననే గుడ్లు పగిలాయి. కేకలెయ్యనంటే వచ్చే శనివారం చూపిస్తా."

శనివారం అతను నున్నగా తల దువ్వుకుని వచ్చాడు. వరండాలో కూర్చున్న రోవెనా తండ్రి హార్లన్ నవ్వాడు. "పిట్టల్ని చూడ్డానికి ఇంత ముస్తాబా నాయనా!"

ఆ మర్నాడే చలివాన పట్టుకుంది. తల్లిపిట్ట ఏమైందో, కనిపించలేదు. మగపిట్ట ఒక్కటే తడిసి ముద్దవుతూ ఎగిరి, ఖాళీ ముక్కుతో తిరిగొస్తోంది.

రోవెనా గొడుగు వేసుకుని కంచె దగ్గరికొచ్చి కోల్బీని పిలిచింది. "ఈ వానకు పురుగులు బయటికి రావు. రేపటిదాకా పిల్లలు బతకవు. చేపల ఎరల కొట్టులో పురుగులు దొరుకుతాయి గానీ, ఆదివారం మూసేస్తారు."

"తాళం నా దగ్గరే ఉంది. నేను పనిచేసేది అక్కడే."

"ఆ ముక్క ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు మాట్లాడనిస్తేగా!"

పావుగంటలో పురుగుల డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. పెట్టె దగ్గర స్టూలు మీద సాసరు పెట్టి, పైన గొడుగు కట్టారు. మగపిట్ట కంచె మీద కూర్చుని చాలాసేపు అనుమానంగా చూసింది. చివరికి రివ్వున దిగి, పురుగును కరుచుకుని పెట్టెలో దూరింది. లోపల కిచకిచలు మొదలయ్యాయి.

నాలుగు రోజులు రెండు పూటలా కోల్బీయే సాసరు నింపాడు. అయిదో రోజు ఎండ కాసింది. పిల్లలు గండం గట్టెక్కాయని రోవెనా సంతోషించింది. ఇక అతను రావడానికి సాకు లేదని మాత్రం దిగులుపడింది.

గుడ్లు పగిలిన పద్దెనిమిదో రోజు పొద్దున, ఇద్దరూ చూస్తుండగా నాలుగు పిల్లలు ఒకదాని వెనక ఒకటి ఎగిరిపోయాయి. అయిదోది తల బయటపెట్టి జంకింది.

"రా బంగారూ, ఏం కాదు, రా," అని కోల్బీ బతిమాలాడు. అది తడబడుతూ ఎగిరి కొమ్మ అందుకుంది.

"ఏడుస్తున్నావా?" అంది రోవెనా.

"కంట్లో నలక పడింది." అతను మొహం తిప్పుకున్నాడు. "పెట్టె ఖాళీ అయింది. మరి నేను రేపట్నుంచి..."

"రేపు రాత్రి భోజనానికి రా. పిట్టల కోసం కాదు, నా కోసం. నువ్వంటే నాకిష్టం. ఇంకా విడమర్చి చెప్పాలా?"

కోల్బీ నుదురు కొట్టుకున్నాడు. "ఆ మాట నేనే ముందు చెప్పాలని అద్దం ముందు పదిసార్లు అనుకున్నాను!"

వరండాలోంచి హార్లన్ అరిచాడు. "మా అమ్మాయితో ఒక్కసారి అనెయ్యవయ్యా, మిమ్మల్ని చూస్తూ కూర్చుంటే నా కాఫీ చల్లారిపోతోంది!"

కోల్బీ చెప్పాడు. ఊరికంతా వినపడేలా చెప్పాడు. రోవెనా సరిగ్గా వినపడలేదని మళ్లీ చెప్పించుకుంది.