పదమూడో వైన్

రెడ్ సైలో రెస్టారెంట్ వైన్ కార్డులో పన్నెండు పేర్లే ఉండాలి. మార్లిస్ చేతిలో ఉన్న కార్డులో పదమూడు ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టింది. పదమూడే.

రెండు వందల పద్నాలుగు బ్రాంచీలకూ ఒకటే కార్డు. డెన్వర్ హెడ్డాఫీసులో అచ్చయి, ప్లాస్టిక్ పూతతో పెట్టెల్లో వస్తుంది. బ్రాంచిలో ఎవరైనా దానిమీద చుక్క పెట్టినా ఉద్యోగం ఊడినట్టే. ఎనిమిదేళ్లుగా ఆ కార్డుకు కాపలా మార్లిస్ ట్వెట్‌దే. నిన్న నెబ్రాస్కాలోని ఈ కెర్నీ బ్రాంచి మీద విచిత్రమైన ఫిర్యాదు వచ్చింది. పేరు లేదు, ఫోన్ నంబరు మాత్రం ఉంది. "మీ కార్డులో ఒక వైన్ ఉండకూడనంత బాగుంది!"

"ఎవరి పని ఇది?"

బార్ వెనక బార్టెండర్ కోర్ట్ నొవాచెక్ తలెత్తలేదు. మూడు నెలలకోసారి ఆమె తనిఖీకి వస్తే గుమ్మం దాకా ఎదురొచ్చే మనిషి, ఇవాళ ఒకే గ్లాసును నాలుగోసారి తుడుస్తున్నాడు.

"ఏది మేడం?"

"పదమూడోది!"

"పదమూడు మంచి అంకె కాదంటారు. ఎవరో సరదాకి..."

"కోర్ట్! ఐదింటికల్లా నేను రిపోర్టు పంపాలి. అందులో ఒక పేరు రాయాలి. ఆ మనిషికి రేపటి నుంచి ఉద్యోగం ఉండదు. ఇదేనా నీ సరదా?"

గడియారం నాలుగు చూపిస్తోంది. బయట వాన అద్దాలను బాదుతోంది.

వేడి బంగాళాదుంప ఫ్రైల ప్లేటుతో బెర్నడీన్ వచ్చింది. ఆ బ్రాంచి తెరిచిన రోజు నుంచీ ఉన్న వెయిట్రెస్.

"నేనే పెట్టానమ్మాయ్. రాసుకో. ప్లేట్లు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయాయి. పీకేస్తే ఇంట్లో హాయిగా పడుకుంటా."

"అలాగా? ఆ వైన్‌కి ఏ ద్రాక్ష వాడారు?"

బెర్నడీన్ కాసేపు ఆలోచించింది. "తెల్లది."

కోర్ట్‌కు పొలమారింది.

"నవ్వకురా! నీకోసమే ఈ తిప్పలు" అని అతని మీద కసిరి, బెర్నడీన్ ఒక గ్లాసు నింపి మార్లిస్ ముందు పెట్టింది. "ముందు రుచి చూడు తల్లీ. ఉరి తర్వాత తీద్దువుగాని."

మార్లిస్ గ్లాసు ఎత్తింది. రెండో చేత్తో కార్డు పట్టుకుని పదమూడో వైన్ కింది వర్ణన చదివింది.

"పచ్చి ఆపిల్. వాన వెలిశాక తడిసిన రాయి వాసన. వేడి ఫ్రైలు లేకుండా తాగితే పాపం."

ఆ మాటలు తనవి!

పోయినసారి ఇదే స్టూలు మీద కూర్చుని అంది. నియోబ్రారా నది పక్కన హలూస్కా అనే ముసలాయన ద్రాక్షతోట, అందులో ఆయన చేసే వైన్ గురించి. దాన్ని కార్డులో పెట్టమని ఎనిమిదేళ్లుగా ఆమె హెడ్డాఫీసును బతిమాలుతూనే ఉంది. వాళ్లది ఒకటే ప్రశ్న: "రెండు వందల పద్నాలుగు బ్రాంచీలకూ సరిపోతుందా?" సరిపోదు. అందుకే కార్డు నిండా అన్నిచోట్లా దొరికేవీ, ఎక్కడ తాగినా చప్పగా ఉండేవీ.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది. ఇకమీదట తనిఖీలు ఫొటోలు చూసే చేస్తారు, రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే తప్ప ఎవరూ రారు అని. అప్పుడే కోర్ట్ నవ్వు ఆగిపోయింది.

"ఇది నీ పనే" అంది మార్లిస్.

"బెర్నడీన్ ఒప్పుకుంది కదా మేడం."

"ఈ మాటలు నేను బెర్నడీన్‌తో అనలేదు. నీతో అన్నాను."

కోర్ట్ గ్లాసు కింద పెట్టాడు. "రాసెయ్యండి నా పేరు."

మార్లిస్ తన చేతిలోని గ్లాసు చూసి ఉలిక్కిపడింది. ఖాళీ! డ్యూటీలో ఎన్నడూ ఒక్క గుక్క మించి తాగలేదు. ఎప్పుడు ఖాళీ చేసిందో తనకే తెలియదు.

ల్యాప్‌టాప్ తెరిచింది. టకటకా కొట్టి, పైకి చదివింది. "పదమూడో వైన్ నా సలహా మీద, నా బాధ్యత మీద పెట్టినది. మార్లిస్ ట్వెట్."

"మీకు మతిపోయిందా?" కోర్ట్ బల్ల మీదికి వంగాడు. "మీ ఉద్యోగం పోతుంది!"

"నా మాటలే అచ్చేశావుగా! సలహా నాది కాకపోతే మరెవరిది?"

"మేడం..."

"పోతే పోనీ. ఇన్నేళ్లకు ఒక్క మంచి వైన్ పెట్టించానన్న తృప్తి మిగులుతుంది." పంపే మీట నొక్కేసింది.

బెర్నడీన్ చేతిలోని ఫ్రై జారి నేలమీద పడింది.

"ఇక ఆ ఫిర్యాదు చేసిన పెద్దమనిషి సంగతి. ఫారంలో నంబరుంది." మార్లిస్ ఫోన్ తీసింది.

"వద్దు!" అరిచాడు కోర్ట్.

అప్పటికే నొక్కేసింది.

బార్ వెనక, కోర్ట్ ఏప్రన్ జేబులో ఫోన్ మోగింది.

మూడో రింగుకు కోర్ట్ ఫోన్ తీసి చెవికి ఆనించుకున్నాడు. ఇద్దరి మధ్యా రెండడుగుల బార్ బల్ల.

"హలో" అన్నాడు. "వైన్ పెట్టిందీ నేనే, ఫిర్యాదు రాసిందీ నేనే. ఫిర్యాదు వస్తే తప్ప ఇటు రానన్నావు. ఊరికే రాస్తే అబద్ధమవుతుందని ముందు తప్పు చేశాను. మూడేళ్లుగా నీ నంబరు అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోయేది మార్లిస్... అందుకే ఆ ఫారంలో నాది రాసి పంపాను."