మద్దయ్య శేరు

ఆదోని బజారులో మద్దయ్య కొలిచి పోసిన వేరుశనక్కాయల్లో ఒక్క కాయ ఎక్కువ పోయిందని చెప్పగల మొనగాడు పుట్టలేదు. ఒకసారి ఎట్లాగో ఒక కాయ జారిపోతే, కొన్నవాడి వెంట ఎక్కడో ఉన్న కోసిగి దాకా నడిచిపోయి, వాడు నమలబోతుంటే దవడ పట్టుకుని ఆ కాయ తీసుకొచ్చాడు. అటువంటి మనిషి కొసరు వేస్తాడా?

అంత లెక్క మనిషి కాబట్టే బాప్తిస్మం కూడా వాయిదా వేస్తూ వచ్చాడు. భార్య తిప్పమ్మ ఎప్పుడో తీసుకుంది. ఆయన మాత్రం "ఇంకా నా మంచితనం నిండలేదు" అని ఏటికేడు దాటేసేవాడు. ఆ వేసవిలో జ్వరం వచ్చి చావు అంచుదాకా వెళ్లి వచ్చాక, సరేనన్నాడు.

ఆ ఉదయం తిప్పమ్మ ఇసుకలో కాయలు వేయిస్తోంది. ఆదివారం బాప్తిస్మానికి ముందు నాలుగు ప్రశ్నలు అడుగుదామని సంఘం ఉపదేశి అబ్రహాం వచ్చి లోపలి అరుగు మీద కూర్చున్నాడు.

"కృప అంటే ఏంది మద్దన్నా?"

"అదేం పెద్ద మాటప్పా! కొసరు. మనం మంచి పనులు సేసి శేరు నింపల్ల. కొంచెం తక్కువైతే దేవుడు పిడికెడు ఏస్తాడు."

"కొసరు ఎవురికేస్తారన్నా?"

"కొన్నోనికి."

"కొనేదానికి మన సేతిలో ఏముంది? మన పాపానికి వెల యేసయ్య సిలువ మీద కట్టేసినాడు. శేరు ఆయనే నింపి పోస్తాడు. మనం నమ్మి ఒడి పట్టల్ల, అంతే."

"ఊరికే పోసే అంగడి యాడుందప్పా? బజార్లో కూసోని ముసిలోన్నైనా, నాకు సెప్పొద్దు."

అప్పుడే గడప అవతల నీడ పడింది. నాగమ్మ! ఎమ్మిగనూరుకు మగ్గాల పనికి వెళ్లి, ఇంట్లో చెప్పకుండా దేవేంద్రప్ప అనే నేతగాణ్ణి పెళ్లాడిన కూతురు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆమె పేరెత్తడానికి లేదు. నాయన జ్వరం సంగతి తెలిసి బస్సెక్కి వచ్చింది, చంకలో బిడ్డతో.

"యాడికొచ్చినావు?" అన్నాడు మద్దయ్య.

"నిన్ను సూద్దామని నాయనా."

"ముందు సంఘం ముందర నిలబడి తప్పు ఒప్పుకో. నీ నడత, నీ మొగుని నడత సూస్తా. సగమన్నా నువ్వు నింపితే మిగిలింది నేను సూసుకుంటా. అంతవరకు గడప తొక్కొద్దు."

తిప్పమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "ఇన్నావా నాగీ! మీ నాయన కొసరేస్తాడంట, నువ్వు ముందు కొనల్లంట!" మొగుడి వైపు తిరిగింది. "దేవుడూ నీ మాదిరే కొలిసింటే, జొరం వచ్చిన నాడే నిన్ను బోర్లించి పోసుండు గదయ్యా!"



"సెప్పకుండా పోయింది తప్పే నాయనా," అంది నాగమ్మ. "దాన్ని దేనితో నింపేది? నా కాడ ఏమీ లేదు." చిన్నప్పుడు కాయల కోసం పట్టినట్టే కొంగు చాచింది. "ఇదే ఉంది."

మద్దయ్య ఆ ఉత్త కొంగు వంక చూశాడు. ఆయనకు తెలియకుండానే చేయి శేరు అందుకుంది. వేడి కాయల్లో ముంచాడు. అలవాటు కొద్దీ పైది తుడవడానికి అరచేయి వెళ్లింది, ఆగిపోయింది. గోపురంగానే పోశాడు. మళ్లీ ముంచాడు, మళ్లీ పోశాడు. కాయలు కొంగు నిండి పొంగి గడప మీద దొర్లాయి.

"లోపలికి రాయే! బిడ్డకు ఎండ తగుల్తాంది," అన్నాడు.

తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే, ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఉపదేశయ్యా, నేనూ ఇట్లనే ఉత్త ఒడి పట్టుకోని నిలబడల్లనా?"

"అంతే మద్దన్నా."

"ఓరి దేవుడా! మరి ఇన్నేండ్లు ఈ శేరును నెత్తిన ఎందుకు మోసినట్లప్పా?" అని ఏడుస్తూనే నవ్వాడు.

ఆదివారం బాప్తిస్మం నీళ్లలోంచి లేచిన మామకు, ఎమ్మిగనూరు నుంచి వచ్చి, తాను నేసిన పంచె కప్పింది దేవేంద్రప్పే. సోమవారం బజారులో మద్దయ్య కొసరు వేశాడా అంటే, వేయలేదు. "దేవునికైతే ఊరికే పోసినా సరిపోతాది, నేను ఈ శనక్కాయ బుడ్డలు కొనుక్కురావల్ల గదా!" అన్నాడు.

ఇక కోసిగి దాకా నడిచాడన్నది నా కల్పన. ఆ కాయ ఆయన కాలి కిందే దొరికింది. గడప మీద దొర్లిన కాయలు మాత్రం నిజం. వాటిని ఏరుకోవడానికి మద్దయ్య వంగలేదు.