మైనం మొహం

పళ్ళు కట్టడం నా పని. పళ్ళ డాక్టరు ముందుగదిలో నవ్వుతూ కూర్చుంటాడు. వెనకగదిలో ప్లాస్టర్ అంటిన చేతులతో నేనుంటాను. రోగి నోటి అచ్చు నా దగ్గరికొస్తుంది. దాన్నిబట్టి మైనంలో పళ్ళవరస నిలబెట్టి, కట్టుడుపళ్ళు చేసి పంపిస్తాను. మనిషిని చూడకుండానే ఎటు నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేస్తాను. మొహాలు మర్చిపోతాను గానీ పంటిగాటు మాత్రం మర్చిపోను.

అలాంటివాణ్ణి లాటిన్ నేర్చుకోడానికి వెళ్ళానంటే అది మా అక్క పుణ్యం. అక్క మందుల షాపులో చేస్తుంది. చీటీల మీద డాక్టర్లు గిలికే పొట్టి మాటల్లో చాలావరకు లాటిన్ నుంచి వచ్చినవేనని ఎవరో చెప్పారట, సరదా పుట్టింది. శనివారం మధ్యాహ్నం లైబ్రరీ మేడమీద క్లాసు. ఒక్కదాన్నే వెళ్ళలేను, నువ్వూ రారా అంది. అమ్మ పోయి అప్పటికి ఏడాది. మా ఇద్దరికీ మాట్లాడుకోడానికేమీ మిగల్లేదు. కనీసం పక్కపక్కన కూర్చుంటాం కదా అని సరేనన్నాను.

క్లాసులో ఆరుగురం. మాస్టారు రిటైరయిన పెద్దాయన, సుద్దముక్క లేకపోతే మాట రాదు. మొదటి నెలంతా విభక్తులే. తల్లి, తల్లిని, తల్లికి, తల్లితో అని మాట చివర మార్చుకుంటూ ఎక్కాల్లా వల్లించాలి. డుమువులు చదివిన వాళ్ళం, మాకిదో లెక్కా అనుకున్నాను. రెండోవారానికి నా పొగరు దిగిపోయింది. అక్కకి మాత్రం గడగడా వచ్చేసింది. చివరి అరగంట మాస్టారు రోమన్ల సంగతులు చెప్పేవారు. నేను వెళ్ళింది ఆ అరగంట కోసమే.

ఒకరోజు మైనం మొహాల గురించి చెప్పారు. గొప్పింటి రోమన్లు తమ పెద్దల మొహాల్ని మైనంతో చేయించి, ఇంటి ముందుగదిలో బీరువాల్లో దాచేవారట. ఇంట్లో మళ్ళీ ఎవరైనా పోతే, ఆ పెద్దల ఎత్తూ ఒడ్డూ ఉన్నవాళ్ళు ఆ మొహాలు తగిలించుకుని, వాళ్ళలాగే నడుస్తూ శవం ముందు వెళ్ళేవారట. పోయినవాళ్ళందరూ కొత్తగా పోయినవాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చినట్టన్నమాట. ఆఖరి క్లాసులో మనమూ అలా నడుద్దాం, మొహం వెనకనుంచి రెండు లాటిన్ మాటలు చెప్పండి అన్నారు మాస్టారు. అందరూ నావైపు చూశారు. మైనం నా చేతిలో పనే కదా.

అక్క అమ్మ మొహం చెయ్యమంది.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. పదకొండేళ్ళు మంచంలో ఉంది. చేసిందంతా అక్కే. నేను ఒకసారి, వృద్ధాశ్రమంలో చేర్పిద్దామా అన్నాను. అమ్మ విని, "నీ మొహం నాకు చూపించకు" అంది. రెండేళ్ళు చూపించలేదు. వారం వారం అక్కకి ఫోన్ చేసి కోపం తగ్గిందా అని అడిగేవాణ్ణి. లేదురా అనేది. ఒకరోజు అక్కే చేసింది, అమ్మ పోయిందని. ఆఖర్న నన్నడిగిందా అన్నాను. ఎవర్నీ అడగలేదు, నిద్రలోనే పోయింది అంది. ఏడాదిలో ఆ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ప్రతిసారీ అదే జవాబు. అమ్మ నన్ను క్షమించకుండానే పోయిందన్న ముల్లు ఏడాదిగా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

అక్కది అచ్చంగా అమ్మ పోలిక. అందుకే అక్క మొహానికే అచ్చు తీసి, బుగ్గలు లోతు చేసి, నుదుట గీతలు పెట్టాను. మా పనిలో వాడే మైనం గులాబీ రంగులో ఉంటుంది, నిజం చర్మంలా. పెదాలు సరిగ్గా కూర్చోడానికి, పని నేర్చుకునే రోజుల్లో తీసిన అమ్మ నోటి అచ్చు వాడాను. అల్మారాలో అమ్మదీ అక్కదీ పక్కపక్కనే ఉంటాయి. అమ్మకి ముందుపన్ను అంచు విరిగింది, కుడివైపు రెండు పళ్ళు లేవు. అక్కకి అన్నీ ఉన్నాయి, పైన పన్ను మీద పన్ను కూడా. పని అయ్యాక అచ్చు తీసేసి, మొహం లోపలంతా వేలితో నున్నగా రుద్దాను. లోపల ఒక్క గీత లేదు. ఆ సంగతి ఎక్కడైనా ఒట్టేసి చెప్తాను.

ఆఖరి శనివారం. నాలుగు గంటలు. బయట ముసురు పట్టింది. పక్కగదిలోంచి ఒక్కొక్కరే మైనం మొహాలతో వచ్చారు. మాతో చదివే రిటైరయిన పోస్టుమాన్ ఒకాయన వాళ్ళ తాతలా వచ్చి, తడబడుతూ రెండు మాటలన్నాడు. అందరం నవ్వాం. ఆఖర్న అక్క.

అక్కది గబగబా నడక. ఆ వచ్చిన మనిషి ఎడమకాలు ఈడుస్తూ వచ్చింది, మంచం పట్టకముందు అమ్మ నడిచినట్టే. భలే చేస్తోందే అనుకున్నాను. నా ఎదురుగా వచ్చి ఆగింది.

"మాటెర్ సుమ్," అంది అక్క గొంతు. నేను తల్లిని. "ఫీలియామ్ హబేయో." నాకొక కూతురుంది.

మాస్టారు తలాడించారు. కొడుకు లేడా అని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇంకా పోలేదు... లవంగనూనె వాసన వచ్చింది. అమ్మ పంటినొప్పికి ఎప్పుడూ అదే పెట్టుకునేది. నా పనిగదిలో అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. లైబ్రరీలో ఎక్కడిది?

"తొర్రిగా..."

చిన్నప్పుడు ముందుపళ్ళు ఊడినప్పుడు అమ్మ పెట్టిన పేరు. అమ్మ తప్ప ఇంకెవరూ అనరు. గొంతు మెల్లగా, చాలా మెల్లగా...

"మూడు రోజులు పిలిచానురా. ఫోను దాని చేతిలోనే ఉంది... ఎందుకు రాలేదురా?"

అక్క ఇంత బాగా చేస్తుందా... అప్పుడు చేతులు చూశాను. అక్క రెండు చేతులూ మైనం అంచులు పట్టుకుని లాగుతున్నాయి. వేళ్ళు తెల్లబడిపోయాయి. ఊడటం లేదు. లోపలి గొంతు మాత్రం తొణకలేదు.

"నీ మీద కోపం ఎప్పుడో పోయిందిరా..."

నేనే ఎగిరి లాగేశాను. లోపల అక్క మొహం చెమటతో తడిసిపోయి ఉంది. పెదాలు గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ పెదాలు విడిపోడానికి చాలాసేపు పట్టింది. మాస్టారు నీళ్ళు తెచ్చారు.

మెట్లమీద కూర్చోబెట్టి అడిగాను, నిజమేనా అని. అబద్ధం చెప్పే ఓపిక లేదు దానికి. నిజమేనంది. కోపం తగ్గిందని అమ్మ ఎన్నోసార్లు చెప్పినా నాకు చెప్పలేదట. ఆఖరి మూడు రోజులూ అమ్మ నన్నే పిలిచిందట, ఫోన్ చెయ్యమని చేతులు పట్టుకుందట.

"పదకొండేళ్ళు నేను ఎత్తాను, కడిగాను, తినిపించాను. పోయేముందు ఒక్కసారైనా నన్ను పిలుస్తుందేమోనని చూశానురా," అంది.

జాలి వెయ్యలేదు నాకు. ఇప్పటికీ నిజమే చెప్తున్నాను, కడుపు మండిపోయింది. తోడబుట్టింది. పక్కన కూర్చుని విభక్తులు వల్లించింది. నా కళ్ళలోకి చూస్తూ ఏడాదిపాటు నమ్మించి గొంతు కోసింది.

"నీ మొహం నాకు చూపించకు," అన్నాను. అమ్మ మాటే నా నోట వచ్చిందని ఇంటికెళ్ళాక గానీ తెలీలేదు.

ఆదివారం పనిగదిలో ఆ మొహాన్ని తిరగేసి చూశాను. నున్నగా రుద్దిన చోట, పెదాల వెనక, పంటిగాట్లు. అల్మారాలోంచి అమ్మ అచ్చు తీసి ఆనించాను. విరిగిన ముందుపన్ను, కుడివైపు రెండు ఖాళీలు... తాళంకప్పకి తాళంచెవిలా అతికింది. మొహాన్ని గిన్నెలో పడేసి కరిగించాను. గులాబీ నీళ్ళయ్యేదాకా చూసి, మూతపెట్టి, అల్మారా పైన పెట్టేశాను.

ఆ సాయంత్రం నుంచి అక్క నంబరు మోగడం మొదలైంది. గంటకోసారి. ఎత్తలేదు. క్షమించమంటుంది, అంతేగా అనుకున్నాను. సోమవారం మోగింది. మంగళవారం రోజంతా మోగింది. మోగనీ, దానికీ తెలియాలి అనుకున్నాను. బుధవారం పొద్దుటికి ఆగిపోయింది.

బుధవారం పనికి మైనం తక్కువైంది. ఆ గిన్నె దింపి మూత తీశాను.

అద్దంలా గడ్డకట్టాల్సిన మైనం మధ్యలో పంటిగాటు. ఒకటే. లోతుగా... లోపలినుంచి పైకి కొరికినట్టు.

అమ్మ అచ్చు ఆనించాను. అతకలేదు.

ఖాళీలు లేవు. పళ్ళన్నీ ఉన్నాయి. పైన, పన్ను మీద పన్ను.

పక్కనున్న రెండో అచ్చు అందుకోడానికి చెయ్యి రాలేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. అక్క నంబరు. ఈసారి ఎత్తాను. ఎడమకాలు ఈడుస్తూ ఎవరో ఇల్లంతా నెమ్మదిగా తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత ఫోనుకి బాగా దగ్గరగా...

"ఇప్పుడు రారా, తొర్రిగా. ఇక అడ్డు లేదు."

గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. స్టవ్ వెలిగించి మూడు రోజులైంది. మైనం వెచ్చగా ఉంది.