ముగ్గురు కాదు, నలుగురు

అన్నం తినడం మధ్యలో ఆపేసి, గీత చార్టు మీద ఇంకో ఫొటో అంటించింది. అవన్నీ నెట్ సెంటర్లో ప్రింట్ తీయించిన రోము నగరం ఫొటోలు.

అక్కడ నర్సుగా పనిచేసే చిన్నమ్మ, క్రిస్మస్ సెలవులకు అందర్నీ రమ్మని ఫోన్ చేసింది. టికెట్లు తనే పంపిస్తానంది. ఉండేది నాలుగు రోజులే. ఏ పూట ఏం చూడాలో ఆరో తరగతి గీతే ప్లాన్ వేస్తోంది. పొద్దున కోట, తర్వాత రెండు మ్యూజియాలు, పెద్ద చర్చి, సాయంత్రం ఫౌంటెన్లు. మహారాణిగారి ప్లాన్‌లో కాసేపు కూర్చునే వీలే లేదు!

అమ్మ ఏసమ్మ చూసి నవ్వింది. "చిన్నోడు గింత తిరుగుతడా? రేపు మన గద్వాలలనే ఓ పూట తిప్పి చూడు."

"వానిదేముందమ్మా, ఎత్తుకుంటం" అంది గీత.

నాలుగేళ్ల తమ్ముడు ప్రశాంత్ ఆమె లెక్కలోనే లేడు. షేర్ ఆటోలోనూ అంతే. వాడెప్పుడూ అమ్మ ఒళ్లోనే. అందుకే ఆటో నడిపే వెంకటన్న గీతవాళ్లను ముగ్గురనే లెక్కపెట్టుకుంటాడు.

మర్నాడు అందరూ బయల్దేరారు. గద్వాల కోట దగ్గర ప్రశాంత్ మేకపిల్లను చూస్తూ ఆగితే, గీత చెయ్యి పట్టి లాగింది. బజారంతా తిప్పింది. తర్వాత ఆటోలో జూరాల డ్యాముకు తీసుకెళ్లింది. గేట్ల నుంచి దూకుతున్న నీళ్లను చూసి వాడు కదలనన్నాడు. ఇంకా పార్కు మిగిలిందని గీత మళ్లీ లాగింది. అంతే, వాడు నేలమీద కూలబడి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. ప్లానంతా పాడైంది.

ఇంటికొచ్చాక గీతకు కోపంతో కళ్లనీళ్లొచ్చాయి. "నాన్నా, వీన్ని అవ్వ దగ్గర ఇడిసిపెట్టి పోదాం."

నాన్న యోసేపు చార్టు వంక చూశాడు. అదే మంచిదేమో అన్నాడు. తలుపు పక్కనే నిలబడి ప్రశాంత్ అంతా విన్నాడు.

సాయంత్రం వాకిట్లో టకటకమని చప్పుడైంది. గీత వెళ్లి చూసింది. ప్రశాంత్ బూట్లు తారుమారుగా వేసుకుని వాకిలి చుట్టూ తిరుగుతున్నాడు. ఏం చేస్తున్నావని అడిగింది.

"నడుస్తున్న అక్కా. నాకు మస్తు నడ్వొస్తది. నేను ఏడ్వ. నన్ను ఇడిసిపెట్టి పోకు."

గీత గబగబా దగ్గరికి వెళ్లింది. వాణ్ణి కూర్చోబెట్టి బూట్లు విప్పింది. మడమ మీద బొబ్బ లేచి ఉంది. పాపం, నొప్పి అని కూడా అనలేదు! గీత దానిమీద మెల్లగా ఊదింది.

"నీకేం చూడాల్నని ఉందిరా?" అంది. ఇన్నాళ్లలో ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

"నీళ్లు" అన్నాడు వాడు వెంటనే.

ఆ సాయంత్రమే గీత చార్టు మీద ఫొటోలు చాలావరకు పీకేసింది. పూటకొక్కటే ఉంచింది. అన్నిటికంటే పైన ఫౌంటెన్ అంటించింది. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్దామంటే నాన్న సరేనన్నాడు.

బొబ్బ మానాక మళ్లీ ఆటో స్టాండుకు వెళ్లారు. "ముగ్గురేగా?" అన్నాడు వెంకటన్న.

"నలుగురం అన్నా" అంది గీత. తమ్ముణ్ణి తనకూ అమ్మకూ మధ్య సీట్లో కూర్చోబెట్టింది.

జూరాల దగ్గర ప్రశాంత్ నీళ్లు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఇక పోదామా అన్నాడు నాన్న.

"వాడు లేసినంక పోదాం నాన్నా" అని గీత తమ్ముడి పక్కన కూర్చుంది. "రోముల గూడ గిట్లనే."