ఉత్త పిడికిలి

“చూడు విజయా, ఎట్ల ఉరికొస్తదో!” అంది మృదుల.

ఆదివారం కాబట్టి అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలే. మృదుల వాళ్ల నాన్న వెంకటేశ్ కూడా పట్టా పరిచి పుస్తకాలు పేర్చాడు. పక్క పట్టా విజయ వాళ్లది.

మృదుల పిడికిలి బిగించి పైకెత్తింది. “బన్నూ! ఉస్మానియా బిస్కెట్!”

అంతే! పుస్తకాల కట్టల వెనక పడుకున్న, మృదుల వాళ్లు పెంచుకుంటున్న గోధుమరంగు కుక్కపిల్ల తోకాడిస్తూ పరుగెత్తుకొచ్చింది. మృదుల పిడికిలి విప్పింది. అందులో ఏమీ లేదు! బన్ను అరచేయి వాసన చూసి, వేళ్ల సందుల్లో వెతికి, వెర్రిమొహం వేసింది. పిల్లలిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. పాపం, ఆరుసార్లూ నమ్మి వచ్చింది.

“గట్ల చెయ్యకు బిడ్డా,” అన్నాడు వెంకటేశ్.

“ఆట నాయినా! ఊకెనే.”

అంతలో ఒక బైకు సైలెన్సర్ ఢాం ఢాం అని పేలింది. బన్ను హడలిపోయింది. జనం కాళ్ల మధ్య నుంచి, గైడ్ల కుప్ప మీద నుంచి దూకి, ఒక్క ఉరుకున రోడ్డెక్కింది! సరిగ్గా నడిమధ్యలో ఆగి వణకసాగింది. నాంపల్లి వైపు నుంచి బస్సొకటి దూసుకొస్తోంది.

మృదుల చప్పున లేచింది. సంచిలోంచి బిస్కెట్ లాగి, పిడికిట్లో పట్టుకుని ఊపింది. “బన్నూ, రా! ఈసారి నిజంగనే ఉంది! ఒట్టు!”

బన్ను ఆ పిడికిలి వైపు చూసింది. చూసి, మొహం తిప్పేసుకుంది.

వెంకటేశ్ రోడ్డు మీదికి దూకి రెండు చేతులూ ఊపాడు. బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవర్ ఏదో తిట్టాడు. వెంకటేశ్ అదేమీ పట్టించుకోకుండా వంగి, మోకాలు తట్టాడు.

“దా బిడ్డా, దా.”

బన్ను రివ్వున వచ్చి అతని చేతుల్లో వాలింది!

ఫుట్‌పాత్ ఎక్కాక మృదుల వెక్కుతూ అడిగింది. “నీ చేతిల ఏం లేదు గద నాయినా! మరి నీ దగ్గరికెట్ల వచ్చింది?”

“ఏం లేదు. ఉందని నేనెన్నడు చెప్పలే.”

మృదుల పిడికిట్లో బిస్కెట్ పొడైపోయింది. ఆ చేతిని చాపింది. బన్ను కనీసం వాసనైనా చూడలేదు. ఎవరైనా తనను నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

ఆ వారమంతా ఇంట్లో బన్ను మృదులకు అల్లంత దూరంలోనే మసలింది. మృదుల రోజూ గిన్నెలో అన్నం పెట్టి, పక్కకు తప్పుకునేది. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. “పిడికిలి ఆట ఆడుదామా?” అంది విజయ.

“నేనాడ,” అంది మృదుల. పట్టా చివర కూర్చుని రెండు అరచేతులూ బాగా తెరిచి చాపింది.

“బన్నూ! నా దగ్గర ఏం లేదురా. ఉత్తగనే పిలుస్తున్న. వస్తవా?”

బన్ను చెవులు నిక్కించింది. లేచింది. ఒక అడుగు వేసింది. ఆగింది. మృదుల చేతులు అలాగే చాపి ఉంచింది.

ఒక్కసారిగా పరుగు! వచ్చి, ఆ ఖాళీ చేతుల్లో గడ్డం ఆనించింది.

“వచ్చింది! నాయినా, ఏం లేకున్నా వచ్చింది!”

పుస్తకాలు చూస్తున్న వాళ్లంతా ఆ కేకకు తలలు తిప్పారు.